ఏటికాడపల్లె బెల్లం, మిట్టపాళెం గుజ్జు

రాజారత్నం పెనం పక్కన నిలబడి ఉన్నంతసేపు గానుగ దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. పాకం ముదరడం ఆయనకు కంటికన్నా ముందు చెవికి తెలిసేది. కాగే చెరుకు రసం మొదట్లో గలగలమంటుంది. నురుగు తీసేసి, బెండకాడల జిగురు పోసి మురికి తేల్చి, ఇంకో గంట మండిస్తే ఆ గలగల పోయి నిదానంగా, బరువుగా తప్పు తప్పుమనే చప్పుడు మొదలవుతుంది. అక్కణ్ణించి ఉండేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో పెనం దించితే బెల్లం పసుపుకొమ్ము రంగులో గట్టిగా నిలబడుతుంది. ఆలస్యమైతే అడుగంటి నల్లబడుతుంది. తొందరపడితే నెల తిరక్కుండానే నీరు కారుతుంది.

పూతలపట్టు కూడలిలో దిగి నాలుగు మైళ్ళు లోపలికి నడిస్తే ఏటికాడపల్లె. తొంభైల మొదట్లో ఆ ఊరికి పదకొండు గానుగలుండేవి. ఊరి పక్కన ఏరు, ఏటి ఒడ్డున బావులు, బావుల కింద చెరుకు. కార్తీకం నుంచి ఉగాది దాటేదాకా ఊరి మీద తీపి పొగ కమ్ముకుని ఉండేది. పదకొండు గానుగల వాళ్ళూ రాజారత్నం కోసం వంతులు వేసుకునేవాళ్ళు. ఊరికి దక్షిణాన, కాలనీలో, చర్చి వెనక వీధిలో ఆయన ఇల్లు. ఆయన నాయన ఇమ్మానుయేలు కూడా బెల్లం వండినవాడే. సెంటు భూమి లేకపోయినా, చిత్తూరు మండీలో "ఇది రత్నం వండిన సరుకు" అంటే వ్యాపారులు ముద్ద విరిచి చూడకుండానే తూకానికి పెట్టేవాళ్ళు. ఆ మాట ఊరికి చేరేది. రాజారత్నం పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, ఆ పూట మీసం కాస్త శ్రద్ధగా దువ్వుకునేవాడని భార్య సుబ్బులమ్మ నవ్వేది.

మిట్టపాళెం అక్కడికి మూడు మైళ్ళు ఎగువన ఉంది. అంతా రాతి నేల. వాన పడితే వేరుశనగ, పడకపోతే అదీ లేదు. అక్కడి మగవాళ్ళు బెంగుళూరులో తాపీ పనికో, తిరుమల కొండ మీద హోటళ్ళలో వడ్డించడానికో పోయేవాళ్ళు. ఆడవాళ్ళు పొద్దున్నే సద్ది కట్టుకుని ఏటికాడపల్లెకు దిగి చెరుకు కొట్టేవాళ్ళు. మిట్టపాళేనికి పిల్లనియ్యడమంటే ఏటికాడపల్లెలో కలిగినవాళ్ళే కాదు, కాలనీవాళ్ళు కూడా ముఖం చిట్లించేవాళ్ళు.

తొంభై నాలుగు ఎండాకాలంలో పాల కంపెనీ వాళ్ళు ఇద్దరు జీపులో ఏటికాడపల్లెకు వచ్చారు. చుట్టుపక్కల పల్లెల పాలు పోగుచేసి చల్లబరిచే కేంద్రం ఒకటి పెట్టాలని వాళ్ళ ఆలోచన. చెంగల్రాయుడి వసారాలో కూర్చున్నారు. నాలుగు గానుగలున్న రైతు ఆయన, ఊరికి పెద్ద. వచ్చినవాళ్ళకు పెట్టడానికి అప్పుడే దించిన బెల్లం ఆకులో పట్టుకొచ్చిన రాజారత్నం స్తంభం పక్కన నిలబడ్డాడు.

"మీ ఊర్లో నీళ్ళుండాయి, మేత ఉండాది. రోడ్డుకు దగ్గిర పది సెంట్ల స్థలం సూపిస్తే సాలు. కడమదంతా మేం సూసుకుంటాము" అన్నాడు వచ్చినవాళ్ళలో పెద్దవాడు.

చెంగల్రాయుడు చెడ్డవాడేమీ కాదు. నిదానంగానే జవాబు చెప్పాడు. "ఆడోళ్ళంతా పాలు పోసుకుంటా ఇంటికాడ కూసుంటే చెరుకు కొట్టేదానికి ఎవురొస్తారప్పా? మాకు బెల్లం ఉండాది. అది సాలు."

మిగతా రైతులు తలలూపారు. వచ్చినవాళ్ళు బెల్లం తిని, బాగుందని మెచ్చుకుని, జీపెక్కారు.

సంగతి తెలిసి సుబ్బులమ్మ ఆ సాయంత్రం మొగుణ్ణి నిలదీసింది. "నువ్వు ఆడనే ఉండావు గదా. ఒగ మాట అనుంటే ఏం పోయింది? మనమూ ఒగ ఆవును పెట్టుకుందుము."

"నన్నెవురడిగినారు?" అన్నాడు రాజారత్నం. అది నిజమే. ఆ కేంద్రం రాకపోవడం ఆయనకూ హాయిగానే అనిపించిందన్నది మాత్రం భార్యకు చెప్పలేదు. బెల్లం ఉన్నన్నాళ్ళు తనకు లోటు రాదని ఆయన ధీమా.

ఆ జీపు నేరుగా మిట్టపాళెం పోయింది. ఆరేళ్ళు బెంగుళూరులో మేస్త్రి పని చేసి వచ్చిన మునికృష్ణ అనే ముప్పై ఐదేళ్ళ రైతు వాళ్ళకు ఎదురుపడ్డాడు. పది సెంట్లు అడిగితే, "పదహైదు తీసుకోండి, ఎట్లాగూ దాంట్లో ఏమీ పండదు" అన్నాడట. కేంద్రం కట్టారు. మొదటి వానాకాలంలోనే పాల ట్యాంకరు బురదలో దిగబడింది. దానికోసం మునికృష్ణ మండల ఆఫీసు చుట్టూ తిరిగి తారు రోడ్డు వేయించాడు. పాలు చల్లబరిచే మిషన్లకు పెద్ద కరెంటు కావాల్సి వచ్చింది. దానికోసం లైను లాగారు. ఆవులు పెరిగాయి, పేడ పెరిగింది. ఆ పేడ వేసి, కుండలతో నీళ్ళు మోసి, రాతి నేలల్లో బెంగుళూరు మామిడి అంట్లు నాటారు. "రాళ్ళకు నీళ్ళు పోస్తా ఉండారు" అని ఏటికాడపల్లెలో చెప్పుకుని నవ్వుకున్నారు. రాజారత్నం కూడా నవ్వాడు. ఆయన గమనించిన తేడా ఒక్కటే. ఎగువ నుంచి చెరుకు కొట్టడానికి దిగే ఆడవాళ్ళు నలభై మంది ఉండేవాళ్ళు, మూడేళ్ళు తిరిగేసరికి తొమ్మిది మంది మిగిలారు.

ఏటికాడపల్లెలో ఆ ఏళ్ళలో జరిగింది వేరు. వానలు పలచబడ్డాయి. ఏరు పారేది సంవత్సరానికి పది రోజులకు దిగింది. బావిలో నీళ్ళు చాలక చెంగల్రాయుడు నూటయాభై అడుగుల బోరు వేయించాడు. పక్కపొలం బావి ఎండిపోయింది. ఆ పక్కపొలం రైతు రెండువందల యాభైకి పోయాడు. అప్పుడు చెంగల్రాయుడి బోరు గాలి కక్కింది. తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు లారీలు ఊరి దోవ పట్టాయంటే నెల రోజులు కదిలేవి కావు. రాత్రింబవళ్ళు రాయి తొలిచే మోత, తెల్లారితే ఇళ్ళ మీద తెల్లటి దుమ్ము. రెండు వేల సంవత్సరం నాటికి ఎనిమిది వందల అడుగులకు పోయినా తడి తగలడం అదృష్టమైంది. అంతమంది రైతులు ఒక్క పొద్దు ఒకచోట కూర్చుని, ఎన్ని బోర్లు వేద్దాం, ఎంత చెరుకు పెడదాం అని అనుకున్నది లేదు. ఎవరి పొలంలో వాళ్ళు ఇంకా లోతుకు పోవడమే చూశారు.

రెండువేల మూడు జనవరిలో రాజారత్నం వండిన బెల్లం ఆ ఊళ్ళో ఆ కాలానికి ఆఖరుది. చెరుకు కర్రలు చిటికెనవేలంత ఉన్నాయి. రసం పెనంలో సగానికి కూడా రాలేదు. ఆ ఎండాకాలం గానుగలు ఒక్కొక్కటే పాత ఇనుముకు పోయాయి. చెంగల్రాయుడు మూడింటిని అమ్మి ఒక్కటి మాత్రం పాత సామాన్ల కొట్టంలో పెట్టుకున్నాడు.

అప్పటికి రాజారత్నానికి నలభై ఎనిమిదేళ్ళు. తిరుపతి పోయాడు. అక్కడ ఏ వీధి చూసినా లాడ్జీలు లేస్తున్నాయి, ఇసుక మోసేవాడికి పనికి కొదవ లేదు. పదకొండు రోజులు మోశాడు. మేస్త్రి కుర్రవాడు "ఏయ్ ముసిలాయనా" అని పిలిచినందుకు కాదు, నడుము పట్టేసినందుకే వచ్చేశానని ఇంట్లో చెప్పాడు. అప్పటికే సుబ్బులమ్మ వారం రోజులుగా పొద్దున్నే మిట్టపాళెం పోతోంది. రోడ్డూ కరెంటూ మామిడీ ఒక్కచోట దొరికేసరికి రెండేళ్ళ కిందట అక్కడొక గుజ్జు ఫ్యాక్టరీ వెలిసింది. ఆడవాళ్ళు కాయలు కడిగి, కుళ్ళినవి ఏరేసి, ముచ్చికలు కోస్తారు.

"రాయ్యా నువ్వు గూడా. ఆడేం సిగ్గుండాది?" అంది.

మూడు మైళ్ళ దోవ అది. ఎగువ నుంచి కూలికి దిగే మనుషుల్నే ఆయన జీవితమంతా చూశాడు. ఇప్పుడు అదే దోవన తాను ఎక్కుతుంటే ఎదురుగా ఎవరూ దిగడం లేదు.

మొదటి సీజను లారీల నుంచి కాయలు దించే పని. రెండో సీజను మధ్యలో, ఒక మధ్యాహ్నం, గంప భుజానికెత్తుకుని వంట షెడ్డు పక్కగా పోతున్న రాజారత్నం ఆగిపోయాడు. గంప దించి లోపలికి పోయాడు. గుజ్జు తీపి చూసి రాసుకునే అమ్మాయి ప్రసన్నకుమారి అక్కడుంది. నగరి నుంచి వచ్చిన నేతవాళ్ళ పిల్ల. బీయస్సీ చదివి ఆ ఏడే చేరింది.

"అమ్మా, ఆ మూడో తొట్టి అడుగంటతా ఉండాది."

"లేదన్నా, ఆవిరి ముల్లు సరిగ్గానే చూపిస్తా ఉంది."

"ముల్లు సంగతి నాకు తెల్దు. వాసన వస్తా ఉండాది. వాసనకన్నా ముందు చప్పుడు మారింది."

పిల్ల ఒక్క క్షణం ఆయన ముఖం చూసి ఆవిరి కట్టేయించింది. తొట్టి వంపి చూస్తే అడుగున చెయ్యంత మేర గోధుమరంగు పట్టింది. తిప్పే రెక్క ఒకటి ఊడి ఉంది. ఇంకో ఐదు నిమిషాలైతే టన్ను గుజ్జు పారబోయాల్సి వచ్చేది.

ఆ తర్వాత ఆమె తీరిక దొరికినప్పుడల్లా ఆయన్ను పిలిచి, వేళ్ళ మధ్య గుజ్జు సాగదీయించి, "తీపి ఎంత ఉంటుందన్నా?" అని అడిగేది. ఆయనకు అంకె తెలియదు. "ఇంకా కొంచెం ఉడకల్ల" అనేవాడు. ఆమె అద్దం ముక్క మీద బొట్టు వేసి మీటరులో చూసి, "ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది రావాలి, కరెక్టే" అనేది. నెల తిరిగేసరికి ఆయనే అంకెలు చెప్పసాగాడు. మూడో సీజనుకు తొట్ల దగ్గర పని ఇచ్చారు. నీలం చొక్కా, తలకు టోపీ.

పని మంచిదే, నీడపట్టున. కానీ అది సంవత్సరంలో రెండున్నర నెలలు. గుజ్జు డ్రమ్ములకెక్కి మూత బిగించుకుని చెన్నై రేవుకు పోయేది. అక్కడి నుంచి ఏ దేశానికి పోతుందో, ఎవరు తింటారో తెలియదు. డ్రమ్ము మీద అంకె ఉంటుంది, వండినవాడి పేరు ఉండదు. ఆ సంగతి తనను బాధ పెడుతోందని తెలుసుకోవడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది.

రెండువేల ఐదు చివర్లో వానలు కుండపోతగా కురిశాయి. ఏరు ఒడ్డులొరసి పారింది. ఎండిన బావుల్లో చేత్తో ముంచుకునేంత పైకి నీళ్ళొచ్చాయి. చెంగల్రాయుడు పడుచువాడిలా మూడెకరాల్లో చెరుకు నాటాడు. మరుసటి ఏడు చివర, కోతకొచ్చాక, స్వయంగా కాలనీకి వచ్చి రాజారత్నం వాకిట్లో నిలబడ్డాడు. ఆయన ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. సుబ్బులమ్మ కంగారుగా కుర్చీ కోసం పక్కింటికి పరుగెత్తింది.

"రత్నం, చెరుకు బెల్లానికి సిద్ధంగా ఉండాది. నువ్వు రాకుంటే నా చేత కాదు."

"వస్తాను నాయుడా" అన్నాడు రాజారత్నం. ఆ రాత్రి ఆయనకు పండగలా ఉంది.

మర్నాడు కొట్టంలోంచి గానుగ బయటికి లాగారు. రోలర్లు అరిగిపోయి ఉన్నాయి. రోలర్లకు మళ్ళీ పళ్ళు కోసి పెట్టే చిత్తూరు మెకానిక్కు ఇప్పుడు గేట్లూ గ్రిల్లులూ చేస్తున్నాడు. ఆ పని మానేసి మూడేళ్ళయిందన్నాడు. మూడుసార్లు తిరిగి బతిమాలితే ఒప్పుకున్నాడు. పెనం అడుగున రూపాయి బిళ్ళంత చిల్లు. కొత్త పెనం కొట్టేవాళ్ళు తమిళనాడులో ఉన్నారంటే గుడియాత్తం దాకా పోవాల్సి వచ్చింది. చెరుకు కొట్టడానికి ఆడవాళ్ళు వస్తామన్నారు గానీ, ఎనిమిదికి వచ్చి ఐదుకు పోతామన్నారు, ఫ్యాక్టరీలో మాదిరిగా. పొయ్యికి పిప్పి ఎగదోసే పని తెలిసిన మునెయ్య తిరుమలలో కాపలా ఉద్యోగంలో ఉన్నాడు. మంట ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో కొత్తవాళ్ళకు మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. మొదటి రెండు పెనాలు మాడిపోయాయి. మూడోదాన్ని రాజారత్నం సరైన అదనులో దించగలిగాడు. పసుపుకొమ్ము రంగు. గానుగ దగ్గర ఉన్నవాళ్ళు తలా ఒక ముక్క తిన్నారు. అది ఎట్లా ఉండాలో రాజారత్నం కాక తెలిసినవాడు అక్కడ చెంగల్రాయుడొక్కడే.

సరుకు ట్రాక్టరుకెత్తి ఇద్దరూ చిత్తూరు మండీకి పోయారు. సగం అంగళ్ళకు తాళాలు. ఎప్పుడూ సరుకు దించుకునే వ్యాపారి చనిపోయాడట, కొడుకు అదే అంగట్లో పశువుల దాణా అమ్ముతున్నాడు. ఇంకో అంగట్లో దించారు. అక్కడి పడుచువాడు ఒక ముద్ద తీసుకుని, రాయికేసి కొట్టి, విరిగిన చోట గోటితో గీకి చూశాడు.

"ఏ ఊరు పెద్దాయనా మీది?" అన్నాడు. "ఏటికాడపల్లా? యాడుండాది అది?"

తిరుగు దోవలో పూతలపట్టు కూడలి దాటారు. ట్రాక్టరు మట్టిదోవకు మళ్ళాక చెంగల్రాయుడు అడిగాడు.

"నీళ్ళు పొయ్యి ఊరు పాడైందని ఇన్నేళ్ళు అనుకుంటా ఉన్నింటిని. నీళ్ళు వచ్చినాయి గదా రత్నం. మల్ల ఎందుకు కాలేదు? ఆ మిట్టపాళెం సూడు. వాళ్ళకేముండాది? రాళ్ళు. వాళ్ళెట్లా పైకి పొయినారు, మనమెందుకు ఇట్లయినాము?"

పెద్దవాడు నిజంగానే అడుగుతున్నాడని తెలిశాక రాజారత్నం చెప్పాడు.

"ఆ పాలోళ్ళ జీపు ఒచ్చింది గదా నాయుడా. మనం ఒద్దంటిమి. అది ఆడికి పోయింది. జీపు ఎనక రోడ్డు, రోడ్డు ఎనక కరెంటు, దాని ఎనక ఫ్యాక్టరీ. ఒగదాని ఎనక ఒగటి పోయినాయి. మనకాడ పోయేటప్పుడు గూడా అంతే. చెరుకు ఎనక గానుగ, గానుగ ఎనక మెకానిక్కు, మండీ, కొట్టే మనిషి. నీళ్ళు ఒగటే తిరిగొచ్చె. కడమవి వస్తాయా?"

చెంగల్రాయుడు కోపం లేకుండానే, "నేను ఒద్దంటే నువ్వైనా అనాల్సింది గదా ఆ పొద్దు" అన్నాడు.

"నన్ను అడగలేదు గదా. అడిగినా ఒద్దనే అందును. నాకు గూడా బెల్లమే గదా ఉన్నింది."

మిగిలిన చెరుకును చెంగల్రాయుడు ఆవుల మేతకు మిట్టపాళెం వాళ్ళకే అమ్మేశాడు. ఆ మూడెకరాలు మామిడి అంట్లు పెంచే నర్సరీవాళ్ళకు కౌలుకిచ్చాడు. రాజారత్నం మళ్ళీ నీలం చొక్కా తొడుక్కున్నాడు.

రెండువేల ఎనిమిది జూన్‌లో మిట్టపాళెం ఫ్యాక్టరీ ముందు కాయల లారీలు మైలు పొడుగునా నిలిచిపోయాయి. ఆ ఏడు కాపు విరగకాసింది. ఫ్యాక్టరీవాళ్ళు రోజుకు ఇంతే తీసుకుంటామన్నారు. మూడో రోజుకు లారీల కింద రసం కారడం మొదలైంది. షిఫ్టు దిగి వస్తున్న రాజారత్నానికి కల్వర్టు మీద కూర్చున్న మునికృష్ణ కనిపించాడు. ఇప్పుడాయన ఊరి ప్రెసిడెంటు, జుట్టు నెరిసింది.

"ఏం సేసేది రత్నమన్నా? అందురికీ ఒగేసారి పండె."

"అందురూ ఒగే కాయ పెడితే ఒగేసారే గదప్పా పండేది. మీ ఊర్లో ఇప్పుడు బోర్లు ఎన్నుండాయి?"

"నలభై దాకా. ఏం?"

"మావాళ్ళు గూడా ఇట్లనే ఉన్నిరి. మాకు బెల్లం ఉండాది అనేటోళ్ళు. మీరు గుజ్జు ఉండాది అంటా ఉండారు."

మునికృష్ణ నవ్వలేదు. ఆదివారం పాల కేంద్రం వరండాలో మనుషుల్ని పిలిచాడు. పాలు పోసే ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. రైతులు, లారీలవాళ్ళు, కూలివాళ్ళు, అందరూ వచ్చారు. మునికృష్ణ లేచి, "కింద ఊరి రత్నమన్న ఒగ సంగతి సెప్తాడు, ఇనండి" అని కూర్చున్నాడు. పదిమంది ముందు మాట్లాడడం రాజారత్నానికి అలవాటు లేదు. పదకొండు గానుగల నుంచి మొదలుపెట్టాడు. బోర్లు ఎవరి తర్వాత ఎవరు, ఎంత లోతుకు వేశారో వరసగా చెప్పాడు. చెప్పడం అయిపోగానే ఎట్లా ముగించాలో తెలియక, "అంతే" అని కూర్చున్నాడు.

రెండు గంటలు వాదులాడుకున్నారు. రెండేళ్ళు కొత్త బోర్లు వద్దని, కొత్తగా నాటేవాళ్ళు బెంగుళూరు కాక వేరే రకాలు పెట్టాలని ముప్పై ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. పందొమ్మిది ఇళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. "పక్కూరోడు వచ్చి మనకు సెప్పేదేంది?" అని ఒకాయన లేచి పోయాడు కూడా. పై వారమే ఆయన పొలంలో బోరు లారీ నిలబడింది.

రాజారత్నం దాన్ని ఫ్యాక్టరీకి పోతూ చూశాడు. ఆగలేదు. పొద్దు ఎనిమిది కావస్తోంది. ఫ్యాక్టరీలో రెండో తొట్టికి అప్పుడే ఆవిరి వదిలిన చప్పుడు ఆయనకు దోవలోనే వినిపించింది.